ఫ్రెంచ్ బడిలో వేసే ముందు పిల్లల తరగతి లెక్క చూసుకోండి

జడ్చర్ల పోలేపల్లి సెజ్‌లోనో, చౌటుప్పల్ ఫార్మా కంపెనీల్లోనో పనిచేసి ఆఫ్రికాలోని అబిద్జాన్‌కో డకార్‌కో ఉద్యోగం మీద వెళ్లే కుటుంబాలున్నాయి. నల్లగొండ, వనపర్తి నుంచి హైదరాబాద్ మీదుగా పారిస్, లక్సెంబర్గ్, బ్రస్సెల్స్, జెనీవా చేరే సాఫ్ట్‌వేర్ కుటుంబాలున్నాయి. వీసా చేతికి రాగానే చాలామంది స్కూళ్ల వెబ్‌సైట్లు తెరిచి భవనం, ఈతకొలను, ఫీజు చూస్తారు. అవి తర్వాతి సంగతి. ముందు తేలాల్సినవి రెండు: బిడ్డ వయసెంత, మన తొమ్మిదో తరగతి ఈడు వచ్చేనాటికి కుటుంబం ఎక్కడ ఉండబోతోంది. ఈ రెండూ తేలితే సగం బడులు జాబితాలోంచి వాటంతటవే పోతాయి.

తరగతి లెక్క

ఫ్రెంచ్ విధానంలో పిల్లల తరగతిని పుట్టిన సంవత్సరం నిర్ణయిస్తుంది. జనవరి 1న పుట్టినా డిసెంబర్ 31న పుట్టినా ఒకటే తరగతి. బడి మొదలయ్యే సెప్టెంబర్ ఏ సంవత్సరంలో ఉందో అందులోంచి పుట్టిన సంవత్సరం తీసేయండి. 3, 4, 5 వస్తే మాతెర్నెల్, అంటే మన నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ ఈడు. 6 వస్తే సీపీ, అది ఒకటో తరగతి. తర్వాత సీఈ1, సీఈ2, సీఎం1, సీఎం2. 11 వస్తే సిజియెమ్, ఆ పైన సాంకియెమ్, కాత్రియెమ్, త్రోయిజియెమ్. ఈ నాలుగేళ్ల బడిని వాళ్లు కాలేజ్ అంటారు, మనకది హైస్కూలు. 15 నుంచి లీసే: సెగోంద్, ప్రెమియేర్, తెర్మినాల్. చివర బాకలోరేయా పరీక్ష.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. 2015 మార్చిలో పుట్టి, ఐదు నిండగానే ఒకటో తరగతిలో చేరిన పిల్ల 2026 జూన్‌లో మన దగ్గర ఏడో తరగతికి వస్తుంది. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఫ్రెంచ్ బడి ఆమెను సిజియెమ్‌లో వేస్తుంది, అంటే ఆరులో. తల్లిదండ్రులకు ఒక ఏడాది కిందికి దించినట్టు అనిపిస్తుంది. నిజానికి అక్కడ ఆ ఈడు పిల్లలంతా అదే తరగతిలో ఉంటారు. బాకలోరేయా 18 ఏళ్లకు, మన ఇంటర్ 17కే అయిపోతుంది కాబట్టి ఆ తేడా మొదటి రోజే కనిపిస్తోంది, అంతే. పై తరగతిలో వేయమని ప్రిన్సిపాల్‌తో వాదించకండి. కొత్త భాషలో నెట్టుకురావాల్సిన పిల్లకు తనకంటే ఏడాది పెద్ద పిల్లల మధ్య కూర్చోవడం రెండో బరువు.

ఏ తరగతిలో చేరితే ఎలా ఉంటుంది? మాతెర్నెల్‌లో చేరితే అన్నిటికంటే సులువు. ఆ మూడేళ్లు పాటలు, కథలు, బొమ్మలతో మాట నేర్పడానికే ఉన్నాయి. సీపీ చదవడం నేర్పే ఏడాది. సెప్టెంబర్‌లోనే చేరితే బాగా నడుస్తుంది, జనవరిలో చేరితే అప్పటికే క్లాసు సగం అక్షరాలు దాటిపోయి ఉంటుంది. సీఈ1 నుంచి సీఎం1 దాకా ఫ్రెంచ్ సాయం గట్టిగా ఇచ్చే బడి దొరికితే వేయొచ్చు. సీఎం2, సిజియెమ్‌లలో చేరేవారు కనీసం నాలుగేళ్లు అక్కడే ఉంటామంటేనే వేయాలి. కాత్రియెమ్, త్రోయిజియెమ్‌లలో ఫ్రెంచ్ రాని పిల్లవాణ్ని వేయడం మా దృష్టిలో తప్పు. ఆ ఊళ్లో ఇంగ్లీష్ మీడియం బడి ఏదున్నా అదే మేలు. లీసే సంగతి చెప్పనక్కర్లేదు: తెర్మినాల్‌లో ఫిలాసఫీ అందరికీ తప్పనిసరి, నాలుగు గంటల పరీక్షలో పేజీలకు పేజీలు వాదన రాయాలి.

ఇంత కచ్చితంగా చెప్పడానికి కారణం ఉంది. ఆటస్థలంలో మాట్లాడే భాష పిల్లలకు రెండేళ్లలో వస్తుంది. సైన్స్, చరిత్ర పాఠాలు చదివి సొంతంగా జవాబు రాసే భాషకు ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ చూపించాడు. పిల్లవాడు గడగడా మాట్లాడుతున్నాడు కదా అని రెండో ఏడాది ట్యూషన్ మాన్పిస్తారు. ఆ తర్వాతే మార్కులు పడిపోతాయి.

తిరిగి వచ్చే ఆలోచన ఉంటే

ఇంజనీరింగ్, మెడిసిన్ తెలంగాణలో లోకల్ కోటాలో చదివించాలనుకుంటే ఈ భాగం రెండుసార్లు చదవండి. ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు రాష్ట్రంలోనే చదివి ఉండాలన్నది లోకల్ అభ్యర్థికి ప్రధాన నిబంధన. మెడికల్ సీట్లకు దీన్ని 2024లో జీవో 33 మరింత బిగించింది. సుప్రీంకోర్టు కూడా దాన్ని నిలబెట్టింది. ఊళ్లో ఇల్లు, పొలం, రేషన్ కార్డు ఉన్నంత మాత్రాన పిల్లలు లోకల్ అయిపోరు.

తరగతి సంఖ్య ప్రకారం మన ఎనిమిదికి సమానమైనది కాత్రియెమ్. అది ముగించుకుని వస్తే తొమ్మిదిలో చేరవచ్చు. త్రోయిజియెమ్ కూడా అయ్యాక వస్తే నాలుగేళ్లలో ఒకటి పోయినట్టే. ఫ్రెంచ్ బడి జులై మొదటి వారం దాకా నడుస్తుంది, మన బడులు జూన్ రెండో వారంలోనే తెరుస్తారు. కాబట్టి ఇక్కడి బడిలో ముందే సీటు మాట్లాడి, ఆలస్యంగా చేరతామని రాసివ్వాలి. తెలంగాణలో పదో తరగతి దాకా అన్ని బోర్డుల బడుల్లోనూ తెలుగు బోధన తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం వచ్చింది. అందుకే అక్కడున్నన్నాళ్లూ వారానికి మూడు గంటలైనా తెలుగు చదవడం, రాయడం ఇంట్లో సాగాలి. ఫ్రెంచ్ త్వరగా రావాలని ఇంట్లో వచ్చీరాని ఫ్రెంచ్ మాట్లాడటం వల్ల లాభం లేదు. తెలుగులో కథ చెప్పించుకుని, ఎందుకు ఏమిటని తర్కించే పిల్లకు రెండో భాషలో అదే పని సులువవుతుంది.

అక్కడే బాకలోరేయా రాయించి ఇండియాలో చదివించాలంటే సబ్జెక్టుల ఎంపిక ప్రాణం. ప్రెమియేర్‌లో మూడు ప్రత్యేక సబ్జెక్టులు, తెర్మినాల్‌లో వాటిలో రెండే మిగులుతాయి. గణితం, భౌతిక-రసాయన శాస్త్రం, జీవ-భూ శాస్త్రం మూడూ తీసుకున్న పిల్లవాడు చివరి ఏడాది ఒకటి వదలాల్సిందే. ఇంజనీరింగ్‌కైతే గణితం, భౌతిక-రసాయనం. మెడిసిన్‌కైతే భౌతిక-రసాయనం, జీవశాస్త్రం ఉంచుకోవాలి. రెండు దారులూ తెరిచి ఉంచడం కుదరదు. భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం, అంటే ఏఐయూ, బాకలోరేయా మన ఇంటర్‌తో సమానమని ఇచ్చే పత్రం అడ్మిషన్‌కు ముందే తీసుకోవాలి. మార్కుల మాటా చెప్పాలి. ఫ్రెంచ్ మార్కులు 20కి. 10 వస్తే పాస్, 12 బాగుంది, 14 చాలా మంచిది, 16, ఆ పైన అత్యున్నత శ్రేణి. 98 శాతం చూసి అలవాటైన ఇంట్లో 13 మార్కుల రిపోర్టు చూసి పిల్లవాణ్ని తిట్టకండి. ఆ 13 అక్కడ గౌరవమైన మార్కు.

పేరులో ఫ్రెంచ్ ఉంటే సరిపోదు

స్కూలు బోర్డు మీద ఫ్రెంచ్ ఇంటర్నేషనల్ అని ఎవరైనా రాసుకోవచ్చు. చూడాల్సింది ఫ్రాన్స్ విద్యాశాఖ ఇచ్చే గుర్తింపు. దాన్ని హొమొలొగేషన్ అంటారు. 1990లో ఏర్పడిన ఏఈఎఫ్ఈ అనే ప్రభుత్వ సంస్థ నెట్‌వర్క్‌లో 130కి పైగా దేశాల్లో దాదాపు 600 గుర్తింపు బడులున్నాయి. కొన్నిటిని ఆ సంస్థే నేరుగా నడుపుతుంది, కొన్నిటితో ఒప్పందం ఉంటుంది, మిగతావి భాగస్వామ్య బడులు. ఈ మూడు రకాల్లో ఏదైనా పిల్లల సర్టిఫికెట్ విలువ ఒకటే. ఫీజు, యాజమాన్యం, ఫ్రాన్స్ నుంచి వచ్చిన ప్రభుత్వ టీచర్ల సంఖ్య మారుతాయి.

అసలు మెలిక వేరే ఉంది. గుర్తింపు బడి మొత్తానికి కాదు, తరగతుల వారీగా ఇస్తారు. సీఎం2 దాకా గుర్తింపు ఉండి, కాలేజ్ తరగతులకు లేని బడులున్నాయి. అలాంటి చోట పై తరగతులు ఫ్రాన్స్ దూరవిద్య సంస్థ క్నెడ్ పాఠాలతో నడుస్తాయి. ఏఈఎఫ్ఈ వెబ్‌సైట్‌లో ఊరి పేరు కొట్టి, మీ బిడ్డ చేరే తరగతికీ దాని తర్వాతి మూడు తరగతులకూ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. లాబెల్‌ఫ్రాన్సెడ్యుకేషన్ అనే ముద్ర కూడా కనిపిస్తుంది. అది స్థానిక బడిలో మంచి ఫ్రెంచ్ ద్విభాషా విభాగం ఉన్నందుకు ఇచ్చేది, దానికీ హొమొలొగేషన్‌కూ సంబంధం లేదు.

ఈ గుర్తింపుతో వచ్చే పెద్ద మేలు బదిలీ. గుర్తింపు బడి నుంచి ఇంకో దేశంలోని గుర్తింపు బడికీ, ఫ్రాన్స్‌లోని సర్కారు బడికీ ప్రవేశ పరీక్ష లేకుండా మారొచ్చు. మూడేళ్లకోసారి దేశం మారే ఉద్యోగమైతే ఫ్రెంచ్ బడిని ఎంచుకోవడానికి ఇంతకంటే మంచి కారణం లేదు. ఒకే దేశంలో రెండేళ్లుండి ఇండియాకు తిరిగొచ్చే ఉద్యోగమైతే ఆ మేలు మీకు దక్కదు.

దేశాన్ని బట్టి దారి మారుతుంది. ఫ్రాన్స్‌లో ఉంటే ప్రైవేటు వైపు చూసే ముందు సర్కారు బడి చూడండి. ఫీజు లేదు, మూడేళ్ల నుంచి చదువు తప్పనిసరి, ప్రాథమికానికి మేరీ అనే మున్సిపల్ కార్యాలయంలో నమోదు చేయాలి. ఫ్రెంచ్ రాని పిల్లలకు యూపీఈ2ఏ అనే ప్రత్యేక విభాగాలున్నాయి, కాకపోతే ప్రతి బడిలో ఉండవు. అద్దె ఇల్లు వెతికే ముందే అవి ఏ బడుల్లో ఉన్నాయో అడగండి. క్యూబెక్‌లో 1977 భాషా చట్టం ప్రకారం వలస కుటుంబాల పిల్లలు ప్రభుత్వ సాయం ఉన్న బడుల్లో ఫ్రెంచ్‌లోనే చదవాలి, తాత్కాలిక పర్మిట్ వాళ్లకు పరిమిత మినహాయింపు ఉంది. లక్సెంబర్గ్‌లో ప్రభుత్వమే నడిపే యూరోపియన్ బడుల్లో ఇంగ్లీష్ విభాగం ఫీజు లేకుండా దొరుకుతుంది, ఐదో తరగతి దాటిన పిల్లలకు ముందు అదే చూడాలి. ఆఫ్రికా దేశాల్లో అబిద్జాన్, డకార్, కిన్షాసా, కాసాబ్లాంకాలలో ఫ్రెంచ్ లీసేలు పాతవి, సీట్లకు పోటీ ఎక్కువ, ఫ్రెంచ్ పౌరుల పిల్లలకు ముందు వరుస.

బడిని అడగాల్సినవి

ఫ్రెంచ్ రాని పిల్లలకు సాయం ఉంటుందా అని అడిగితే ప్రతి బడీ ఉందనే చెబుతుంది. అలా అడగకండి. వారానికి ఎన్ని గంటలు, ఎవరు చెబుతారు, ఆ టీచరుకు ఫ్రెంచ్‌ను రెండో భాషగా నేర్పడంలో శిక్షణ ఉందా, ఆ గంటల్లో బిడ్డకు ఏ పాఠం తప్పిపోతుంది, ఎన్ని నెలలు నడుస్తుంది, ఫీజు వేరేనా అని అడగండి. వారానికి ఆరు గంటలకు తక్కువైతే మొదటి ఏడాదికి చాలదని మా అభిప్రాయం. తరగతిలో ఫ్రెంచ్ అసలు రాని పిల్లలు ఎంతమంది ఉన్నారో కూడా అడగండి. ఒక్కరే ఉంటే ఒంటరితనం, సగం మంది ఉంటే పిల్లలంతా ఇంగ్లీష్‌లోనే మాట్లాడుకుని ఫ్రెంచ్ రాదు. మొదటి టర్మ్‌లో మార్కులు వేస్తారా లేక మాటల్లో నివేదిక ఇస్తారా? ఇంటికొచ్చే నోటీసులు, ప్రొనోట్ యాప్ సందేశాలు ఇంగ్లీష్‌లో దొరుకుతాయా? ఈ రెండూ తెలుసుకుంటే తర్వాత గొడవ ఉండదు.

చేరాక మొదటి మూడు నాలుగు నెలలు పిల్లవాడు క్లాసులో నోరు విప్పకపోవడం మామూలే. వింటూ పోగు చేసుకుంటున్నాడని అర్థం. సంక్రాంతి నాటికి మాట పెగలకపోయినా కంగారు పడకండి. ఆటస్థలంలో ఎవరితోనూ కలవకపోవడం, ఇంట్లో తెలుగులో కూడా మాట తగ్గిపోవడం కనిపిస్తే మాత్రం టీచరుతో వెంటనే కూర్చోవాలి.

డబ్బు

మొదటి ప్రవేశ రుసుము వేరు, తిరిగి రాదు. ఏడాది ఫీజు మూడు వాయిదాల్లో. దాని మీద క్యాంటీన్, బస్సు, బడి తర్వాతి సంరక్షణ, పరీక్ష రుసుములు. కొన్ని దేశాల్లో ఫీజు మూడు అంచెల్లో ఉంటుంది: ఫ్రెంచ్ పౌరులకు, స్థానికులకు, మూడో దేశం వారికి. మనం మూడో వరుసలో, ఎక్కువ కట్టే చోట ఉంటాం. ఏఈఎఫ్ఈ స్కాలర్‌షిప్ ఫ్రెంచ్ పౌరుల పిల్లలకే, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

కాబట్టి కంపెనీతో బేరం ఆఫర్ లెటర్ మీద సంతకానికి ముందే జరగాలి. పిల్లల చదువు ఖర్చు కంపెనీది అన్న ఒక్క వాక్యం చాలదు. ప్రవేశ రుసుము, బస్సు, అదనపు ఫ్రెంచ్ క్లాసులు అందులో ఉన్నాయా, ఇద్దరు పిల్లలకూ వర్తిస్తుందా, మధ్యలో ఉద్యోగం పోతే ఆ విద్యా సంవత్సరం చివరిదాకా కడతారా అన్నవి కాగితం మీద ఉండాలి. ఆఫ్రికా పోస్టింగుల్లో ఈ చివరి మాట మరీ ముఖ్యం. ఏప్రిల్‌లో కాంట్రాక్టు ముగిసి పిల్లలు మధ్యలో బడి మానేస్తే ఇక్కడా అక్కడా కాకుండా ఒక ఏడాది పోతుంది.

కాగితాలు, ఊరు దాటకముందే

సెప్టెంబర్ ప్రవేశానికి చాలా బడుల్లో దరఖాస్తులు అంతకుముందు చలికాలంలోనే మొదలవుతాయి, పరీక్షలు వసంతంలో. జూన్‌లో వీసా వచ్చాక అడిగితే వెయిటింగ్ లిస్టే మిగులుతుంది. ఆఫర్ వచ్చిన వారంలోనే బడికి రాయండి.

జనన ధ్రువపత్రంలో బిడ్డ పేరు ఉందో లేదో ఇవాళే చూడండి. ఆసుపత్రి నుంచి నమోదైన పాత పత్రాల్లో పేరు గడి ఖాళీగా ఉంటుంది. మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో పేరు చేర్పించి, స్పెల్లింగ్ పాస్‌పోర్టుతో అక్షరం అక్షరం సరిపోల్చుకోవాలి. పుట్టుకే నమోదు కాకుండా ఏడాది దాటితే ఆర్డీవో ఉత్తర్వు కావాలి, దానికి వారాలు పడుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ఫ్రెంచ్ రికార్డుల్లో పెద్ద చిక్కు, వాళ్లకు ఇంటిపేరే మొదటి గుర్తు. పిల్లల పాస్‌పోర్టు తీసేటప్పుడే ఇంటిపేరు విడిగా రాయించండి.

పత్రాలు సిద్ధమయ్యాక వరుస ఇది: ముందు రాష్ట్ర స్థాయి అటెస్టేషన్, తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్, అంటే పత్రం అసలుదని ఒప్పందంలోని దేశాలు ఒప్పుకునే ముద్ర, ఆ పైన గుర్తింపు పొందిన అనువాదకుడితో ఫ్రెంచ్ అనువాదం. అనువాదం ముందు చేయిస్తే అపోస్టిల్ ముద్ర అందులో ఉండదు, మళ్లీ డబ్బు కట్టాలి. యూఏఈ అపోస్టిల్ ఒప్పందంలో లేదు, దుబాయ్ ఫ్రెంచ్ బడికైతే ఆ దేశ రాయబార కార్యాలయం ముద్ర కావాలి. గత రెండేళ్ల ప్రోగ్రెస్ రిపోర్టులు, టీసీతో పాటు ఒకటో తరగతి నుంచి అన్ని బోనఫైడ్‌లు తీసి పెట్టుకోండి. పదేళ్ల తర్వాత మూతపడిన ప్రైవేటు బడి నుంచి బోనఫైడ్ తేవడం నరకం.

టీకాల కార్డుదీ ఇదే పని. మన సర్కారు టీకాల్లో మీజిల్స్, రుబెల్లా ఉంటాయి, గవదబిళ్లల టీకా ఉండదు. ఫ్రాన్స్‌లో ఆ మూడూ కలిపిన టీకా 2018 నుంచి పుట్టిన పిల్లలకు తప్పనిసరి. మెనింజైటిస్ టీకాలూ ఆ జాబితాలో ఉన్నాయి. పిల్లల డాక్టరుకు చూపించి లోటు ఇక్కడే పూర్తి చేస్తే అక్కడి అపాయింట్‌మెంట్ల కోసం తిరగనవసరం లేదు.

బయల్దేరే ముందు మూడు నెలలు

హైదరాబాద్‌లో అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ నుంచి ప్రతి వారం వెళ్లిరావడం పిల్లలకు కష్టం, ఆన్‌లైన్ క్లాసు చాలు. వ్యాకరణం మీద సమయం పెట్టకండి. సున్నా నుంచి వంద దాకా అంకెలు విని రాయగలగాలి. ఫ్రెంచ్‌లో 70ని అరవై-పది, 80ని నాలుగు-ఇరవైలు, 90ని నాలుగు-ఇరవైలు-పది అంటారు, లెక్కల్లో చురుకైన పిల్లలు కూడా మొదట తడబడేది ఇక్కడే. జెనీవాలో, బ్రస్సెల్స్‌లో 70కీ 90కీ వేరే సులువైన మాటలున్నాయి, వెళ్లే ఊరిని బట్టి నేర్పించండి. నోటుబుక్కు తీయండి, వరుసలో నిలబడండి, దాహమేస్తోంది, టాయిలెట్‌కు వెళ్లొచ్చా లాంటి ఇరవై వాక్యాలు నోటికి రావాలి. చివరిది మరీ ముఖ్యం, అది అడగలేక ఏడ్చే చిన్నపిల్లలు ఎందరో.

లెక్కల్లో రాతా మారుతుంది. దశాంశానికి చుక్క బదులు కామా పెడతారు: 3.5 అక్కడ 3,5. లక్షను 1,00,000 అని కాకుండా 100 000 అని ఖాళీ వదిలి రాస్తారు. భాగహారంలో భాజకం కుడివైపు, భాగఫలం దాని కింద. 1కి పైన పొడవైన గీత పెట్టడంతో అది మన 7లా కనిపిస్తుంది, 7కి నడుమ అడ్డగీత ఉంటుంది. ఇవి చూపించకుండా పంపితే జవాబు తెలిసీ తప్పు పడుతుంది. కలిపిరాత మాత్రం మన పిల్లలకు అనుకూలం: అక్కడ సీపీ నుంచే కర్సివ్ రాత, ఇక్కడ కాపీ పుస్తకాలు దిద్దిన చేయి ఊరికే పోదు.

ప్రాథమిక తరగతుల్లో రాత హోంవర్క్‌ను ఫ్రాన్స్ 1956లోనే ఆపేసింది. పద్యం కంఠస్థం చేయడం, డిక్టేషన్ మాటలు చూసుకోవడం ఉంటాయి. హోంవర్క్ లేదని బడిని తక్కువ చూడొద్దు, ఆ పద్యం రోజూ పది నిమిషాలు పైకి చదివించండి.

తిండి, మతం

శాకాహారులు ముందే మాట్లాడాలి. ఫ్రాన్స్ క్యాంటీన్లలో 2019 నుంచి వారానికి ఒక్కపూట మాంసం, చేప లేని భోజనం పెడుతున్నారు. మిగతా రోజుల్లో మాంసం వద్దంటే చేపో గుడ్డో పెడతారు, కొన్ని తీపి పదార్థాల్లో జెలటిన్ ఉంటుంది. చాలా క్యాంటీన్లలో ఇంటి డబ్బా అలర్జీ ఉన్న పిల్లలకే, అదీ డాక్టరు పత్రంతో. మధ్యాహ్న విరామం గంటన్నర నుంచి రెండు గంటలు కాబట్టి ఇల్లు దగ్గరుంటే అన్నానికి తీసుకురావడం అన్నిటికంటే మేలు. ప్రాథమిక బడులు చాలాచోట్ల బుధవారం సగంపూటే లేదా సెలవు. ఇద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో ఆ రోజు ఏర్పాటు ముందే చూసుకోవాలి.

ఫ్రాన్స్ సర్కారు బడుల్లో 2004 చట్టం ప్రకారం కొట్టొచ్చినట్టు కనిపించే మత చిహ్నాలు, దుస్తులు కుదరవు. సన్నని గొలుసుకు చిన్న లాకెట్ లాంటివాటికి అభ్యంతరం ఉండదు. ఏటా కార్తీకంలో పిల్లవాడు అయ్యప్ప మాల వేసుకునే ఇల్లయితే, నల్లబట్టల విషయం చేరే ముందే డైరెక్టర్‌తో మాట్లాడి ఇంటికే పరిమితం చేసుకోవడం మంచిది. ఇతర దేశాల్లోని ఫ్రెంచ్ బడుల నిబంధనలు వాటి అంతర్గత నియమావళిలో ఉంటాయి, ఫీజు కట్టకముందే అది తెప్పించుకుని చదవండి.

బడి మానేటప్పుడు

మానే ముందు బడి నుంచి తీసుకోవాల్సినవి మూడు: బకాయిలు లేవని, బడి వదిలారని చెప్పే పత్రం, దీన్ని ఎగ్జేయాత్ అంటారు, అన్ని టర్మ్‌ల మార్కుల నివేదికలు, వచ్చే ఏడాది ఏ తరగతికి అర్హుడో తెలిపే టీచర్ల సమావేశ నిర్ణయం. ఆఫీసులు జులై మధ్యలో మూతపడి ఆగస్టు చివరి వారంలో గానీ తెరవవు. అడగాల్సింది జూన్ మొదటి వారంలోనే. సంతకం, గుండ్రటి ముద్ర ఉన్న అసలు ప్రతులు రెండేసి తీసుకోండి, ఒకటి ఏఐయూకో కొత్త బడికో ఇచ్చేస్తే ఇంకొకటి చేతిలో ఉంటుంది.